పాత లెన్సుకు కొత్త బాడీ: ఖాళీ గొట్టం చేసే పని

నికాన్ 1959లో ఎఫ్-మౌంట్ (మౌంట్ అంటే లెన్సును కెమెరాకు తగిలించే ఏర్పాటు) తెచ్చినప్పుడు లెన్స్ తగిలించే అంచు నుంచి ఫిల్మ్ దాకా 46.5 మిల్లీమీటర్ల దూరం పెట్టింది. అదే కంపెనీ 2018లో మొదలుపెట్టిన జెడ్-మౌంట్‌లో ఆ దూరం 16 మిల్లీమీటర్లు. తేడా 30.5 మిల్లీమీటర్లు. అరవై ఏళ్ల నాటి లెన్స్ నేటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకు ఎక్కుతోందంటే ఆ మూడు సెంటీమీటర్ల ఖాళీ పుణ్యమే. ఆ ఖాళీలో ఏం పట్టించగలం, ఏం పట్టించలేం అన్నదాన్ని బట్టే ఏ పాత లెన్స్ కొత్త బాడీ మీద హాయిగా పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో తేలుతుంది.

అంత దూరం ఎందుకు పెట్టారంటే, ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చిన వెలుగును అది పైనున్న, మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోకి మళ్లిస్తుంది. బటన్ నొక్కగానే పైకి లేచి వెలుగుకు దారి ఇస్తుంది. ఆ అద్దం లేచి పడటానికి చోటు కావాలి కనుక లెన్సును దూరంగా నిలబెట్టక తప్పలేదు. కెనాన్ ఎఫ్‌డీకి 42, ఆ తర్వాతి ఈఎఫ్‌కు 44, మినోల్టా ఎండీకి 43.5, ఒలింపస్ ఓఎంకు 46, పెంటాక్స్ కె-మౌంట్‌కు, దానికి ముందున్న ఎం42 మరమౌంట్‌కు 45.46 మిల్లీమీటర్లు. ఎస్‌ఎల్‌ఆర్‌లన్నీ దాదాపు ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలా ఉండేవి. అద్దం తీసేసిన మిర్రర్‌లెస్‌లో సోనీ ఈ-మౌంట్‌కు 18, ఫుజీ ఎక్స్‌కు 17.7, కెనాన్ ఆర్ఎఫ్‌కు 20 మిల్లీమీటర్లు చాలు. మిగిలిన దూరాన్ని ఒక లోహపు గొట్టంతో నింపితే పాత లెన్సుకు తను పుట్టిన కెమెరాలోనే ఉన్నట్టుంటుంది. అడాప్టర్ అంటే ఇంతే: రెండు చివర్లా రెండు వేర్వేరు మౌంట్లు, మధ్యలో గాలి. గాజు లేదు కనుక బొమ్మ నాణ్యత దాని వల్ల తగ్గదు.

డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దమున్న డిజిటల్ కెమెరా) రోజుల్లో ఈ సౌలభ్యం ఎందుకు లేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఎం42 లెన్సును నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగిలిస్తే అది ఉండాల్సిన చోటు కంటే 1.04 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. 50 ఎంఎం లెన్స్ (ఈ అంకె దాని ఫోకల్ లెంగ్త్; అది పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది) అంత జరిగితే అది ఫోకస్ చేయగల గరిష్ఠ దూరం దాదాపు రెండున్నర మీటర్లు. ఎదురుగా కూర్చున్న మనిషి వస్తాడు, కిటికీ అవతల చెట్టు రాదు. కెనాన్ ఎఫ్‌డీ లెన్సులది ఇంకా కష్టమైన కథ. 1987లో కెనాన్ ఎఫ్‌డీని పక్కనపెట్టి ఈఎఫ్ మౌంట్‌కు మారినప్పుడు కొత్త బాడీలో దూరం రెండు మిల్లీమీటర్లు పెరిగింది. గాజు పెట్టిన అడాప్టర్ ఉంటే తప్ప పాత లెన్స్ దూరపు వస్తువులను చూడలేకపోయింది. ఆ గాజు బొమ్మను పాడుచేసేది. అలా మంచి మంచి ఎఫ్‌డీ లెన్సులు రెండు దశాబ్దాలు బీరువాల్లో పడి ఉన్నాయి. 2008లో పానాసోనిక్ జీ1, 2010లో సోనీ ఎన్ఈఎక్స్, 2013లో ఫిల్మ్ ఫ్రేమ్ అంత పెద్ద ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌తో సోనీ ఏ7 వచ్చాక వాటికి మళ్లీ ప్రాణం లేచింది.

గొట్టమే కదా అని అడాప్టర్‌ను తేలిగ్గా తీసుకుంటే దెబ్బ తినేది ఇక్కడే. గొట్టం 0.1 మిల్లీమీటర్, అంటే ఒక కాగితం మందం, ఎక్కువైతే 50 ఎంఎం లెన్స్ 25 మీటర్ల అవతల ఫోకస్ కాదు. 200 ఎంఎం లెన్సుకైతే ఆ హద్దు 400 మీటర్లు కాబట్టి పెద్దగా పట్టదు. 24 ఎంఎం వైడ్ లెన్సుకు మాత్రం హద్దు ఆరు మీటర్లకు లోపే పడిపోతుంది. కొండలు, గోపురాలు తీయడానికి కొన్న లెన్స్ ఇంటి ముంగిలి కూడా దాటదు. ఈ భయంతోనే చాలామంది తయారీదారులు అడాప్టర్‌ను కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. అప్పుడు లెన్స్ అనంతం గుర్తును దాటి కూడా తిరుగుతుంది. లెన్స్ మీద చెక్కిన దూరాల అంకెలు నిజం చెప్పవు. చాలా లెన్సులకు ఇది చిన్న ఇబ్బందే. దగ్గర దూరాల్లో దిద్దుబాటు కోసం లోపలి గాజులు విడివిడిగా జరిగే వైడ్ లెన్సులకు మాత్రం అంచుల్లో పదును తగ్గుతుంది. అందుకే వైడ్ లెన్స్ కోసం కొనే అడాప్టర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. బిగించాక గలగలలాడే అడాప్టర్ ఒక పక్కకు వాలుతుంది. ఫొటోలో కుడి అంచు స్పష్టంగా ఉండి ఎడమ అంచు మసకబారితే ముందుగా అనుమానించాల్సింది లెన్సును కాదు, దీన్నే.

లెన్స్ తన పని తనే చేసుకుంటే

దూరం సరిపోయింది సరే. ఫోకస్ ఎవరు తిప్పాలి, ఎపర్చర్ (వెలుగు పోయే రంధ్రాన్ని రేకులతో చిన్నది, పెద్దది చేసే ఏర్పాటు) ఎవరు మూయాలి? పాత లెన్సులను వయసును బట్టి కాకుండా ఈ ప్రశ్నను బట్టి వేరు చేస్తే అసలు చిత్రం కనిపిస్తుంది. చాలామంది ఎంత పాతదైతే అంత కష్టమనుకుంటారు. జరిగేది దాదాపు తలకిందులు.

హీలియోస్ 44-2 సంగతి చూడండి. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో, జర్మనీ జైస్ బయోటార్ నమూనాను బట్టి సోవియట్ వాళ్లు చేసిన 58 ఎంఎం, ఎఫ్/2 లెన్స్ ఇది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). జెనిత్ కెమెరాలతో పాటు లక్షల సంఖ్యలో తయారైంది. దీనికి రెండు ఎపర్చర్ రింగులుంటాయి: ఒకదానితో కావలసిన అంకె ముందే పెట్టుకుంటాం, రెండోదాన్ని తిప్పితే రేకులు అక్కడిదాకా మూసుకుంటాయి. కెమెరాతో దీనికి మాట్లాడాల్సిన అవసరమే లేదు. మర బిగిస్తే చాలు, ఏ మిర్రర్‌లెస్ బాడీ మీదైనా పుట్టింట్లో ఉన్నట్టే పనిచేస్తుంది.

దాని తర్వాతి తరం లెన్సుల్లో ఎపర్చర్ రింగు ఉంటుంది కానీ, ఫొటో తీసే క్షణం దాకా రేకులను తెరిచి ఉంచి, ఆ క్షణంలో మూసే పని కెమెరా చేసేది. దానికి ఒక పిన్ను గానీ మీట గానీ ఉంటుంది. ఎం42 లెన్సుల్లో కొన్నింటికి ఆటో, మాన్యువల్ మార్చే మీట పక్కనే ఉంటుంది. అది లేనివాటికి లోపలి పిన్నును నొక్కి పట్టే అంచున్న అడాప్టర్ కావాలి. అది చూసుకోకుండా కొంటే రింగు ఎంత తిప్పినా రేకులు కదలవు, లెన్స్ పాడైపోయిందని భ్రమ పడతాం. కెనాన్ ఎఫ్‌డీ అడాప్టర్ల మీద ‘ఓపెన్’, ‘లాక్’ అని ఒక రింగు ఉండేది ఇందుకే; దాన్ని లాక్ వైపు తిప్పితే గానీ ఎపర్చర్ మన మాట వినదు. ఇవన్నీ ఐదు నిమిషాల్లో పట్టుబడే కిటుకులు. నికాన్ ఏఐ (చేతి ఫోకస్ లెన్సుల రకం పేరు), ఒలింపస్ ఓఎం, మినోల్టా ఎండీ, పెంటాక్స్ కె లెన్సులన్నీ ఈ గుంపులోవే, హాయిగా నడుస్తాయి.

చిక్కంతా నడిమి తరంతో. 1985లో మినోల్టా, 1986లో నికాన్ ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్‌లు తెచ్చినప్పుడు మోటారును బాడీలో పెట్టి, మౌంట్ అంచున స్క్రూడ్రైవర్ మొన లాంటి ఒక కడ్డీతో లెన్సును తిప్పారు. నికాన్ ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు అవే. మన పెళ్లి ఫొటోగ్రాఫర్ల సంచుల్లో చాలాకాలం తిరిగిన 50 ఎంఎం ఎఫ్/1.8డి ఈ కోవలోదే. నికాన్ సొంత అడాప్టర్ ఎఫ్‌టీజెడ్‌లో గానీ, 2021లో వచ్చిన ఎఫ్‌టీజెడ్ 2లో గానీ ఆ కడ్డీని తిప్పే మోటారు లేదు. లెన్సులోనే మోటారున్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లాంటి రకాలకే ఆటోఫోకస్ వస్తుంది. ఏఎఫ్-డి లెన్సులు చేతితో తిప్పుకోవాల్సినవైపోతాయి. పైగా వాటి ఫోకస్ రింగు మోటారు తేలిగ్గా తిప్పడానికి చేసినది: సన్నగా, వదులుగా, కొద్దిగా కదిపితే చాలా దూరం జారేలా ఉంటుంది. అంతకుముందు తరం ఏఐ లెన్స్ రింగు వెన్నలా, నిదానంగా తిరుగుతుంది. ఒకే కంపెనీ, ఒకే 50 ఎంఎం, కానీ చేతి ఫోకస్‌కు ముసలిదే మేలు.

ఆ తర్వాత వచ్చిన నికాన్ జి రకం లెన్సులకు ఎపర్చర్ రింగే తీసేశారు. వీటిని నికాన్ సొంత అడాప్టర్ మీద పెడితే చిక్కు లేదు. సోనీ, ఫుజీ బాడీల మీద ఎలక్ట్రానిక్స్ లేని సాదా అడాప్టర్‌తో పెడితే ఎపర్చర్‌ను పట్టుకునే దిక్కుండదు. అడాప్టర్ మీదే ఒక రింగు పెట్టి, దాంతో లెన్స్ మీటను కొద్దికొద్దిగా నెట్టే ఏర్పాటు ఉంది గానీ, ఎఫ్/4 దగ్గరుందో ఎఫ్/5.6 దగ్గరుందో అందాజా మీద పోవాల్సిందే. కెనాన్ ఈఎఫ్ లెన్సులు సాదా గొట్టం మీద ఇంకా మూగవి. ఎపర్చర్ రేకులు కరెంటుతోనే కదులుతాయి, కరెంటు అందకపోతే పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. 85 ఎంఎం ఎఫ్/1.2 లాంటి కొన్నింట్లో ఫోకస్ రింగు కూడా మోటారుకు సంకేతం పంపేదే; కరెంటు లేకపోతే రింగు ఊరికే తిరుగుతుంది, గాజు కదలదు.

అయినా ఇదే ఈఎఫ్ లెన్స్ కెనాన్ సొంత ఆర్ఎఫ్ బాడీ మీద అన్నింటికంటే బాగా పనిచేస్తుంది. అది 1987 నిర్ణయం ఫలితం. ఆ ఏడు కెనాన్ తన ఎఫ్‌డీ వాడకందార్లను నడిరోడ్డు మీద వదిలేసినంత పనిచేసి, లెన్సుకూ బాడీకీ మధ్య యంత్రభాగాలేవీ లేకుండా అంతా విద్యుత్ సంకేతాలకు మార్చింది. ఫోకస్ మోటారు లెన్సులోనే, ఎపర్చర్ మోటారూ లెన్సులోనే. దానితో 2018లో ఆర్ఎఫ్ వచ్చినప్పుడు 24 మిల్లీమీటర్ల గొట్టంలోంచి తీగలు లాగితే సరిపోయింది. ఆటోఫోకస్, ఎపర్చర్, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ అన్నీ యథాతథంగా వచ్చాయి. నికాన్ దీనికి పూర్తి వ్యతిరేకం. 1959 నాటి మౌంట్‌ను దశాబ్దాలపాటు వదలకుండా, అవసరమైనప్పుడల్లా ఒక మీట, ఒక కడ్డీ, ఒక విద్యుత్ కొస చేర్చుకుంటూ వచ్చింది. అప్పట్లో వాడకందారుకు అది మేలే చేసింది. కానీ ఆ చేర్పులన్నింటినీ ఒక్క అడాప్టర్‌లోకి ఎక్కించడం కుదరలేదు. నాడు తెగతెంపులు చేసుకున్న కంపెనీ లెన్సులు నేడు సాఫీగా దాటాయి, అందరినీ కలుపుకుపోయిన కంపెనీ లెన్సులు సగంలో ఆగాయి. లెన్సుల మీద జీతం డబ్బు పోసి కూడబెట్టుకున్న ఫొటోగ్రాఫర్ దృష్టిలో దీన్ని న్యాయం అనలేం.

మధ్యవర్తిత్వం చేసే ఎలక్ట్రానిక్ అడాప్టర్లు ఉన్నాయి. సిగ్మా ఎంసీ-11, మెటాబోన్స్ లాంటివి ఈఎఫ్ భాషను సోనీకి అనువదిస్తాయి. సోనీ 2020లో తెచ్చిన ఎల్ఏ-ఈఏ5లో చిన్న మోటారు పెట్టి, పాత మినోల్టా కడ్డీ లెన్సులను కొన్ని బాడీల మీద ఆటోఫోకస్‌తో నడిపింది. టెక్‌ఆర్ట్ కంపెనీ చేసిన లైకా ఎం-మౌంట్ లెన్సుల అడాప్టర్ ఆలోచన ముచ్చటైనది: అది లెన్స్ మొత్తాన్నే ముందుకీ వెనక్కీ జరిపి, చేతి ఫోకస్ లెన్సుకు ఆటోఫోకస్ తెప్పిస్తుంది. అయితే జరగగలిగేది 4.5 మిల్లీమీటర్లే కాబట్టి పొడవాటి లెన్సులను దగ్గరి వస్తువుల మీదికి తేలేదు.

కన్ను చూసేదే సెన్సార్ చూస్తుంది

గొట్టం ఎక్కించడం వీలైందన్న ఒక్క కారణంతో పాత లెన్సులు ఇంతగా తిరిగి రాలేదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో చేతి ఫోకస్ నిజంగా కష్టం. ఫిల్మ్ కెమెరాల్లో బొమ్మ మధ్యలో రెండు ముక్కలుగా విడిపోయి, ఫోకస్ కుదిరినప్పుడు కలిసే వృత్తం ఉండేది. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో దాన్ని తీసేశారు. వాటి ఫోకస్ తెరను కూడా వెలుగు ఎక్కువ కనిపించేలా మార్చడంతో, ఎఫ్/1.4 లెన్స్ పెట్టినా లోతు (స్పష్టంగా ఉండే మందం) దాదాపు ఎఫ్/2.8 లెన్సుకున్నట్టే కనిపించేది. కంటికి స్పష్టంగా కనిపించింది ఫొటోలో మసకగా వచ్చేది. పైగా ఎపర్చర్ మూస్తే వ్యూఫైండర్ చీకటైపోయేది.

మిర్రర్‌లెస్‌లో చూసేది సెన్సార్ చూస్తున్న బొమ్మనే. ఎపర్చర్ ఎఫ్/8కి మూసినా తెర వెలుతురు తగ్గకుండా కెమెరా సర్దుకుంటుంది. కావలసిన చోటును పెద్దది చేసి చూసుకోవచ్చు. స్పష్టంగా ఉన్న అంచులకు ఎర్రగానో పసుపుగానో రంగు పూసే ఫోకస్ పీకింగ్ ఉంది. ఇందులో పీకింగ్ మీద అతి నమ్మకం వద్దు. అది కొలిచేది అంచుల కాంట్రాస్ట్‌ను మాత్రమే. ఎఫ్/1.4 దగ్గర కాస్త మెత్తగా గీసే పాత లెన్సులో కనురెప్పకూ, ముక్కు కొసకూ, చెవికీ ఒకేసారి రంగు పూసేస్తుంది. 50 ఎంఎం లెన్సుతో ఎఫ్/1.4 దగ్గర, మీటరున్నర దూరంలో కూర్చున్న మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే మందం, ఫిల్మ్ కాలపు లెక్క ప్రకారమే, ఏడున్నర సెంటీమీటర్లు. 24 మెగాపిక్సెల్ ఫొటోను పెద్దది చేసి చూసే కంటికి అది ఇంకా తక్కువ. పీకింగ్‌తో దగ్గరికి వచ్చి, పెద్దది చేసి తేల్చుకోవడమే పద్ధతి.

మరో మేలు సాంకేతికమైనదే అయినా గట్టిది. పెద్ద ఎపర్చర్ ఉన్న పాత లెన్సులు కొన్నింట్లో ఎపర్చర్ మూసినప్పుడు ఫోకస్ బిందువు కాస్త జరుగుతుంది. తెరిచి ఉంచి ఫోకస్ చేసి, మూసి ఫొటో తీసే ఎస్‌ఎల్‌ఆర్ పద్ధతిలో ఆ పొరపాటు కంటికి అందేది కాదు. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే ఎపర్చర్ దగ్గరే ఫోకస్ చేస్తాం కాబట్టి ఆ లోపమే అడ్డు రాదు. లెన్స్ తను పుట్టిన కెమెరా మీద కంటే ఇక్కడ కచ్చితంగా పనిచేస్తుందంటే అతిశయోక్తి కాదు. ఎక్స్‌పోజర్ కొలతలోనూ ఇదే తీరు. నికాన్ డీ3000, డీ5000 వరుస డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద పాత ఏఐ లెన్స్ పెడితే మీటరే పనిచేసేది కాదు. అదే లెన్స్ అదే కంపెనీ మిర్రర్‌లెస్ మీద ఎపర్చర్ ప్రయారిటీలో (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే పద్ధతి) చక్కగా కొలుస్తుంది.

మొదటిసారి పెట్టేవాళ్లు తికమకపడే రెండు సెట్టింగులు చెప్పుకోవాలి. సాదా అడాప్టర్ పెడితే కెమెరా దృష్టిలో లెన్సే లేదు, కాబట్టి చాలా బాడీలు బటన్ నొక్కినా ఫొటో తీయవు. లెన్స్ లేకున్నా షట్టర్ పడనివ్వమనే ఆప్షన్ మెనూలో ఆన్ చేయాలి. రెండోది, బాడీలోని స్టెబిలైజేషన్‌కు లెన్స్ ఫోకల్ లెంగ్త్ మనమే చెప్పాలి. సెన్సార్ ఎంత జరగాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. 135 ఎంఎం లెన్స్ పెట్టి, మెనూలో నిన్నటి 28 అలాగే వదిలేస్తే చేతి వణుకులో కొద్దిభాగమే సరవుతుంది. 28 పెట్టి 135 అని చెబితే సెన్సార్ అతిగా జరిగి తనే బొమ్మను చెదరగొడుతుంది. సెన్సార్ చిన్నదైనా సరే, ఇవ్వాల్సింది లెన్స్ మీద రాసి ఉన్న అంకెనే, 1.5తో హెచ్చవేసిన అంకెను కాదు. ఇది సరిగ్గా పెడితే, ఏ స్టెబిలైజేషనూ లేకుండా పుట్టిన 1970ల నాటి లెన్సుకు కూడా ఆ సౌకర్యం ఉచితంగా వస్తుంది.

గాజు ఏం ఇస్తుంది

ఇంత శ్రమ పడితే వచ్చే బొమ్మ ఎలా ఉంటుందన్నదానికి అన్ని లెన్సులకూ ఒకే జవాబు లేదు. 50, 55, 58 ఎంఎం లెన్సులు 1960ల నాటికే దాదాపు పక్వానికి వచ్చిన డబుల్ గాస్ అనే గాజుల అమరిక మీద నిలిచాయి. ఎఫ్/5.6 దగ్గర మంచి స్థితిలో ఉన్న పాత 50 ఎంఎం, 24 మెగాపిక్సెల్ సెన్సార్ మీద కొత్తదానికి పెద్దగా తీసిపోదు. పొడవాటి లెన్సుల్లో వెలుగు, నీడల సరిహద్దుల వెంట ఊదారంగు గీత కనిపిస్తుంది. పాత జూమ్ లెన్సులు చాలావరకు డబ్బుకు తగినవి కావు. వైడ్ లెన్సులు అంచుల్లో నీరసిస్తాయి.

వైడ్ లెన్సుల్లోనూ ఒక తేడా ఉంది. ఎస్‌ఎల్‌ఆర్ వైడ్ లెన్సులు అద్దం కోసం దూరంగా నిలబడి గీసేవి కనుక వాటి వెలుగు సెన్సార్ మీద మరీ ఏటవాలుగా పడదు. లైకా ఎం లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేవి) అద్దం లేదు. మౌంట్ దూరం 27.8 మిల్లీమీటర్లే. దాని వైడ్ లెన్సుల వెనుక గాజు ఫిల్ముకు బాగా దగ్గరగా వెళ్లేది, అంచులకు వెలుగు చాలా వాలుగా చేరేది. ఫిల్ముకు అది పట్టలేదు. డిజిటల్ సెన్సార్ ముందు మాత్రం ఫిల్టర్ల గాజు పొర ఉంటుంది. సోనీ బాడీల్లో దాని మందం సుమారు రెండు మిల్లీమీటర్లు, లైకా సొంత డిజిటల్ బాడీల్లో అంతకన్నా బాగా తక్కువ. వాలుగా వచ్చే కిరణాలు ఆ పొరలో పక్కకు తప్పుకొని అంచుల్లో బొమ్మ అలికినట్టవుతుంది. ఎంతో ఖరీదు పెట్టి కొన్న లైకా 28 ఎంఎం సోనీ మీద అంచుల్లో సాదాసీదా నికాన్ 28 ఎంఎంతో ఓడిపోవడం వెనుక లెన్స్ తప్పేమీ లేదు.

ఇక పూతల సంగతి. పూత లేని గాజు ముఖం తన మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. ఆరేడు గాజులున్న లెన్సులో గాలికి తగిలే ముఖాలు పన్నెండు దాకా ఉండవచ్చు. పూత లేకపోతే లోపలికి పోయేది అరవై శాతమే. పోని వెలుగులో కొంత లోపలే అటూ ఇటూ కొట్టుకుని బొమ్మ మీద పలచని తెర కప్పుతుంది. ఒంటిపూత దాన్ని చాలావరకు తగ్గించింది. 1970ల నుంచి పలుపొరల పూత మామూలైంది. అందుకని ఒంటిపూత కాలపు లెన్సును మన ఎండల్లో వాడేటప్పుడు హుడ్ (ముందు గాజు మీద ఎండ పడకుండా ఆపే తొడుగు) తప్పనిసరి. మధ్యాహ్నం మూడింటికి ఎదురెండలో తీసిన ఫొటో తెల్లగా వెలిసిపోతే లెన్స్ చెడ్డదని తీర్పు చెప్పేముందు ముందు గాజు మీద చెయ్యి నీడ పట్టి చూడాలి.

ఆ లోపాల కోసమే ఈ లెన్సులను వెతికేవాళ్లూ ఉన్నారు. హీలియోస్ 44-2లో మనిషి వెనుక ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. లెన్స్ గొట్టం అంచుల దగ్గర వెలుగు గుండ్రాలను పిల్లి కళ్లలా కోసేయడం, దానికి తోడు మసకబారే తీరు అంచుల్లో ఒక దిశలో సాగడం వల్ల ఆ సుడి వస్తుంది. రెండూ బొమ్మ అంచుల్లో జరిగేవే. కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ ఉన్న బాడీ మీద ఆ అంచులు తెగిపోయి, సుడిలో చాలాభాగం పోతుంది. సుడి కోసం హీలియోస్ కొని ఫుజీ మీద పెట్టుకున్నవాళ్లు నిరాశపడేది ఇక్కడే. చిన్న సెన్సార్ మీద 50 ఎంఎం చూపు 75 ఎంఎం అంత ఇరుకవుతుందన్నది తెలిసిందే. దాన్ని కొంత సరిచేసేది ఫోకల్ రెడ్యూసర్. 2013లో మెటాబోన్స్ తెచ్చిన స్పీడ్ బూస్టర్ అడాప్టర్‌లోని గాజులు బొమ్మను 0.71 వంతుకు కుదిస్తాయి. 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్ దాదాపు 35 ఎంఎం ఎఫ్/1.0లా పనిచేస్తుంది: చూపు విశాలమవుతుంది, ఒక స్టాప్, అంటే రెట్టింపు, వెలుగూ కలిసొస్తుంది. గాజున్న అడాప్టర్లలో మెచ్చుకోదగ్గది ఇదే.

వీడియో తీసేవాళ్లకు పాత లెన్సుల మీద మక్కువ ఎక్కువగా ఉండటానికి కారణం రింగు. కొత్త లెన్సుల్లో చాలావాటి రింగు మోటారుకు సంకేతం పంపేది. ఎంత వేగంగా తిప్పామన్నదాన్ని బట్టి ఒకే కదలికకు వేర్వేరు ఫలితాలు రావచ్చు. పాత రింగు ఎన్నిసార్లు తిప్పినా అదే గుర్తు దగ్గర అదే దూరం. తక్కువ ఖర్చుతో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లకు అది పెద్ద అండ. నికాన్ రింగు కెనాన్‌కు ఎదురు దిక్కున తిరుగుతుంది, కాబట్టి రెండు రకాలు కలిపి వాడితే చెయ్యి పొరబడుతుంది.

పెళ్లి పనికి మాత్రం వీటిని నమ్ముకోవద్దని గట్టిగా చెప్పాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, మాంగల్యధారణ, తలంబ్రాల హడావిడి: ఏదీ మళ్లీ జరగదు, ఎవరూ ఆగి ఉండరు. కళ్లను వెతికి పట్టుకునే ఆటోఫోకస్ ఉండగా, ఎఫ్/1.4 దగ్గర చేత్తో రింగు తిప్పుతూ అక్కడ నిలబడటం వధూవరులకు అన్యాయం. పెళ్లికి ముందు, తీరిగ్గా వెలుగు చూసుకుని తీసే ఫొటోలకు అదే లెన్స్ వరం.

వానాకాలం, బూజు, పసుపు రంగు

కొనేటప్పుడు మన వాతావరణాన్ని మరిస్తే మిగతా లెక్కలన్నీ వృథా. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఎక్కువగానే ఉంటుంది. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం కలిస్తే గాజు మీద ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది. అది వదిలే ఆమ్లం పూతను, ఆ తర్వాత గాజునూ తింటుంది. తొలిదశలో విప్పి తుడిస్తే పోతుంది, ముదిరాక మచ్చ మిగులుతుంది. లెన్సును కొత్తలో ఇచ్చిన తోలు కేసులో భద్రంగా దాచడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తేమ 40–50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్ మంచిది. అది లేనివాళ్లు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టుకుంటే సరిపోతుంది. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టడం మానకూడదు.

లెన్స్ చేతికి రాగానే ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి చూడాలి. దారాల్లాంటివి ఫంగస్, మంచులాంటిది హేజ్, అంచు నుంచి ఇంద్రధనుస్సులా పాకేది అతికించిన గాజులు విడిపోతున్న గుర్తు. కొద్దిపాటి దుమ్ము, ముందు గాజు మీద ఒకటి రెండు గీతలు ఫొటోలో తెలియవు, వాటి పేరు చెప్పి బేరం ఆడుకోవచ్చు. హేజ్ ఉన్నదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయడం మేలు. రేకుల మీద నూనె మెరుస్తుంటే హీలియోస్ లాంటి వాటికి ఫరవాలేదు, చేతితో మూసేవే కదా. నికాన్ మైక్రో 55 ఎంఎం ఎఫ్/2.8లో అదే నూనె రేకులను అతుక్కుపోయేలా చేస్తుంది.

పెంటాక్స్ వాళ్ల ఏడు గాజుల సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 తేనె రంగులోకి తిరిగి ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఆ కాలంలో గాజుకు వెలుగును వంచే శక్తి పెంచడానికి థోరియం కలిపేవారు. దాని స్వల్ప రేడియోధార్మికత వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. కెమెరాకు పెట్టుకుని వాడటం వల్ల చెప్పుకోదగ్గ ప్రమాదం లేదు. గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు. కొన్ని వారాలు కిటికీ దగ్గర ఎండ తగలనిస్తే అతినీలలోహిత కిరణాలకు ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. ఒకవైపు అల్యూమినియం రేకు కప్పి పెట్టాలి, లేకపోతే అదే లెన్స్ భూతద్దమై కింది గుడ్డను కాల్చేస్తుంది.

ఇప్పుడు కొత్తగా వస్తున్న మిర్రర్‌లెస్ లెన్సులది ఎదురు పరిస్థితి. జెడ్-మౌంట్ 16 మిల్లీమీటర్ల దగ్గర ఉంది, కనుక సోనీ లెన్సును రెండు మిల్లీమీటర్ల పలచని ఎలక్ట్రానిక్ అడాప్టర్‌తో నికాన్ మీదికి తేగలుగుతున్నారు. జెడ్ లెన్సును సోనీ మీదికి తీసుకెళ్లే దారి లేదు, అక్కడ గొట్టానికి చోటే మిగల్లేదు. ఈ లెన్సుల్లో చాలావాటికి ఎపర్చర్ మోటారుదే, ఫోకస్ మోటారుదే, వంకర గీతలను సరిచేసే లెక్క కెమెరా సాఫ్ట్‌వేర్‌లోది. బాడీ నుంచి విప్పి చేతిలోకి తీసుకుని రింగు తిప్పితే లోపల ఏ గాజూ కదలదు. పక్కనే ఉన్న హీలియోస్ రింగు తిప్పితే మరల మీద గాజు నిదానంగా ముందుకు వస్తుంది.